మా ఇల్లు మాకు నిలిచింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం అండీ. రెంటు బకాయి మీద ఇంటి యజమాని మా మీద వేసిన కేసు పోయిన వారం క్లోజ్ అయింది, న్యూయార్క్ సిటీ క్వీన్స్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటున్నాం, పిల్లలు స్కూలు మారే పని లేదు. ఫోన్ చేసి అడిగినవాళ్ళకి విడివిడిగా చెప్పాను గానీ, సాయం చేసినవాళ్ళు ఒకరిద్దరు కాదు, వాళ్ళలో కొంతమందికి నేనెవరో కూడా తెలీదు, అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి, మీకో మీ చుట్టాలకో పనికొచ్చే సంగతులు కూడా ఉన్నాయి ఇందులో.

జరిగింది క్లుప్తంగా చెప్తా. మా ఆయనకి పనిచేసే చోట గంటలు తగ్గించేశారు, డే కేర్‌లో నాకొచ్చేది తిండికీ కరెంటు బిల్లుకీ సరిపోయేది, రెంటు వెనకబడింది. అదే టైమ్‌లో బాత్రూమ్ సీలింగ్ నుంచి పైవాళ్ళింటి నీళ్ళు కారుతున్నాయి, సూపర్‌కి (బిల్డింగ్ రిపేర్లు చూసే అతనికి) ఎన్నిసార్లు చెప్పినా వచ్చి చూసి బకెట్ పెట్టుకోమని వెళ్ళిపోయేవాడు, చలికాలంలో హీట్ సరిగ్గా వచ్చేది కాదు, చిన్నదాన్ని జాకెట్‌తోనే పడుకోబెట్టేవాళ్ళం. యజమాని అవేమీ పట్టించుకోకుండా ముందు 14 రోజుల్లో బకాయి కట్టమని నోటీసు పంపి, తర్వాత హౌసింగ్ కోర్టులో నాన్ పేమెంట్ కేసు, అంటే రెంటు కట్టలేదని కేసు వేశాడు. కాగితాలు తలుపుకి టేపుతో అంటించి పోయారు. అవి చూసినప్పుడు ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మొదటి థాంక్స్ మా కింద ఫ్లోర్ ఆపాకి (ఆపా అంటే అక్క). ఆవిడది బంగ్లాదేశ్, చాలా ఏళ్ళుగా ఈ బిల్డింగ్‌లోనే ఉంటున్నారు. నా చేతిలో ఆ కాగితాలు చూసి, భయపడకు, పది రోజుల్లో కోర్టుకెళ్ళి ఆన్సర్ ఇవ్వాలి, అది ఇవ్వకపోతేనే ప్రమాదం, లాయర్‌ని సిటీయే ఇస్తుంది అని హిందీలో చెప్పి, మర్నాడు పొద్దున తన డ్యూటీ మార్చుకుని మరీ జమైకాలో సట్ఫిన్ బులవార్డ్ మీదున్న కోర్టుకి నాతో వచ్చారు. రక్త సంబంధం లేదు, భాష ఒకటి కాదు, అయినా కన్నకూతురికి చేసినట్టు చేశారు. ఆపా ఇది చదవలేరు, ఆవిడకి నేనే కూర్చుని చదివి చెప్తాను.

ఆ కోర్టు కారిడార్ గురించి చెప్పాలి. యజమానుల లాయర్లు చేతిలో ఫైళ్ళ కట్టతో తిరుగుతూ పేర్లు పిలుస్తుంటారు, ఎవరైనా పలికితే గోడ వారకి తీసుకెళ్ళి, ఫలానా తేదీకి ఇంత కడతామని రాసి ఇక్కడ సంతకం పెట్టండి, అయిపోతుంది అంటారు. దాన్ని స్టిప్యులేషన్ అంటారు. పిల్లని ఎత్తుకుని ఒకావిడ నా కళ్ళముందే ఫైల్ మీద కాగితం పెట్టుకుని నిలబడే సంతకం పెట్టేసింది, ఏం రాసుందో చదివే టైమ్ కూడా లేదు ఆవిడకి. అందులో రాసిన ప్రకారం డబ్బు కట్టలేకపోతే అదే కాగితం పట్టుకుని మార్షల్ దాకా, అంటే ఇల్లు ఖాళీ చేయించే అధికారి దాకా వెళ్ళచ్చు వాళ్ళు. నా పేరు కూడా పిలిచారు. ఆపా నా మోచెయ్యి పట్టుకుని లాయర్ వచ్చేదాకా దేనిమీదా సంతకం పెట్టకు అన్నారు. ఆ ఒక్క మాటకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

రెండో థాంక్స్ మా లాయర్‌కి. చిన్నమ్మాయి, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవేమో. మా దగ్గర ఒక్క డాలర్ తీసుకోలేదు. ముందు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మొత్తం విన్నది, తర్వాత రాష్ట్ర హౌసింగ్ ఆఫీసు నుంచి మా ఇంటి రెంట్ హిస్టరీ తెప్పించింది. మాది 1974కి ముందు కట్టిన బిల్డింగ్, ఆరు కంటే ఎక్కువ ఇళ్ళున్నాయి, అలాంటివి చాలావరకు రెంట్ స్టెబిలైజేషన్ కిందకొస్తాయి, అంటే యజమాని ఇష్టమొచ్చినట్టు రెంటు పెంచకూడదు, ఏటా ఒక బోర్డు ఎంత చెప్తే అంతే. ఆ లిస్టు టేబుల్ మీద పరిచి ఒక లైన్ కింద పెన్నుతో గీత గీసి చూపించింది. అక్కడ రిజిస్టర్ చేసిన రెంటు ఒకటి, మా లీజులో రాసి మా దగ్గర వసూలు చేసింది ఇంకోటి. మా ఆయన ఆ రెండు అంకెలూ మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ ఉండిపోయారు. రోజంతా నిలబడి పనిచేసి తెచ్చిన డబ్బండీ అది.

అక్కణ్ణుంచి కేసు తిరిగింది. సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి సీలింగ్ చూసి, హీట్ కొలిచి వయొలేషన్లు (రూల్స్ తప్పారని) రాశాడు. (ఇది అందరికీ తెలియాలి, అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా పగలు బయట 55 డిగ్రీల కంటే తగ్గితే ఇంట్లో 68 ఉండాలి, రాత్రి బయట ఎంతున్నా 62 తగ్గకూడదు, ఇవన్నీ ఫారెన్‌హీట్‌లో. లేకపోతే సిటీ హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేయండి, చేసిన ప్రతిసారీ నంబర్ ఇస్తారు, రాసి పెట్టుకోండి, కోర్టులో అదే సాక్ష్యం.) చివరికి ఎక్కువ వసూలు చేసింది బకాయిలోంచి తగ్గించారు, మిగిలినదానికి సిటీ వాళ్ళ వన్ షాట్ డీల్ (అత్యవసరంలో ఒకసారి ఇచ్చే సాయం) వచ్చింది, రిపేర్లు ఏ తేదీకి చెయ్యాలో జడ్జి గారి ముందే రాయించారు. ఇప్పుడు సీలింగ్ కొత్తది. ఆ అమ్మాయి లేకపోతే ఇందులో ఏ ఒక్కటీ మాకు తెలిసేది కాదు, తెలిసినా ఎలా అడగాలో తెలిసేది కాదు.

ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్నాయనకి కూడా చాలా థాంక్స్. నాకు ఇంగ్లీషు వచ్చు, కానీ ఇల్లు పోతుందేమోనన్న భయంలో వచ్చిన ఇంగ్లీషు కూడా నోట్లోంచి రాదు. కోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఫ్రీ, అడగాలి అంతే, మొహమాటపడకండి.

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పాలనుకున్నదానికి వస్తా. మీ జీతం ఎవరిస్తారమ్మా అని మా లాయర్‌ని అడిగాను. సిటీ బడ్జెట్‌లోంచి అంది. అప్పటిదాకా సిటీ కౌన్సిల్ అంటే నాకు వీధి పేర్లు మార్చేవాళ్ళు, పెరేడ్‌లో నడిచేవాళ్ళు అనే తెలుసు. ఆ తర్వాత తెలుసుకుంటే, 2013లో న్యూయార్క్ హౌసింగ్ కోర్టుల్లో అద్దెకుండేవాళ్ళలో లాయర్ ఉన్నది నూటికి ఒక్కరికే. యజమానుల వైపు మాత్రం దాదాపు అందరికీ ఉండేవాళ్ళు. సిటీలోనే ఇంకో భాగమైన బ్రాంక్స్‌లో అద్దెకుండేవాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళే, మీటింగులు పెట్టుకుని, కోర్టు బయట నిలబడి, కౌన్సిల్ మెంబర్ల చుట్టూ తిరిగి, ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది సిటీయే లాయర్‌ని ఇచ్చే ఈ చట్టం. మార్క్ లెవీన్, వెనెస్సా గిబ్సన్ అని ఇద్దరు కౌన్సిల్ మెంబర్లు బిల్లు పెట్టారు, 2017 ఆగస్టులో మేయర్ డి బ్లాసియో సంతకం పెట్టారు. హౌసింగ్ కోర్టులో ఇల్లు పోయే పరిస్థితి ఉన్నవాళ్ళకి లాయర్ హక్కు అని రాసుకున్న మొదటి సిటీ అమెరికాలో ఇదే. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, నెవార్క్, ఫిలడెల్ఫియా, ఇలా ఒక్కొక్కటీ వచ్చాయి, మనవాళ్ళు బాగా ఉండే జెర్సీ సిటీలో కూడా 2023లో కౌన్సిల్ పాస్ చేసింది.

ఖర్చు గురించి అప్పుడు పెద్ద చర్చే జరిగింది. పూర్తిగా అమలైతే ఏటా 155 మిలియన్ డాలర్లు అవుతుందన్నారు. అంత డబ్బా అని నాకూ అనిపించింది, కానీ ఒక కుటుంబం రోడ్డున పడితే సిటీ షెల్టర్‌లో పెట్టాలి, దానికి నెల నెలా అయ్యేది మా బకాయి కంటే చాలా ఎక్కువ. 2016లో బార్ అసోసియేషన్ (లాయర్ల సంఘం) లెక్కలు వేయిస్తే లాయర్ ఖర్చు పోనూ సిటీకి ఏటా 320 మిలియన్లు మిగులుతుందని తేలింది. చట్టం వచ్చాక సిటీ చెప్పిన లెక్క ప్రకారం లాయర్ దొరికినవాళ్ళలో 84 శాతం మంది వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండగలిగారు. ఆ 84లో ఇప్పుడు మేము కూడా ఉన్నాం. అందుకే ఆ బ్రాంక్స్ తల్లులకి, వాళ్ళ మాట విని ఓటేసిన కౌన్సిల్ మెంబర్లకి, పార్టీలతో సంబంధం లేకుండా నా నమస్కారాలు.

కానీ చట్టం ఉన్నంత మాత్రాన లాయర్ ఉన్నట్టు కాదు. కరోనా టైమ్‌లో ఇళ్ళు ఖాళీ చేయించకూడదని పెట్టిన నిలుపుదల 2022 జనవరి 15తో అయిపోయింది, ఒక్కసారిగా కేసులు వచ్చి పడ్డాయి, లాయర్లు సరిపోలేదు, జీతాలు తక్కువ, పని ఎక్కువ, చాలామంది మానేశారు. హక్కు ఉండి కూడా లాయర్ దొరకని వాళ్ళున్నారు, మా కోర్టులో నేనే చూశాను, మాకు దొరకడం మా అదృష్టం, కానీ ఇల్లు అదృష్టం మీద ఆధారపడకూడదు కదా. అందుకని ప్రతి ఏడూ జూన్ వచ్చేసరికి మళ్ళీ ఈ డబ్బు కోసం కొట్లాటే. మేయర్ జనవరిలో ఒక లెక్క, వసంతంలో ఇంకో లెక్క పెడతారు, 51 మంది కౌన్సిల్ మెంబర్లు మార్చిలో, మే నెలలో హియరింగులు పెట్టి అడుగుతారు, జూన్ 30 లోపల తేల్చాలి, జూలై 1 నుంచి కొత్త సంవత్సరం. 2025 జూన్ 30న పాస్ చేసింది 115.9 బిలియన్ డాలర్ల బడ్జెట్, స్కూళ్ళు, లైబ్రరీలు, పోలీసులు, చెత్త, షెల్టర్లు అన్నీ అందులోనే, ఎవరి గొంతు వినిపించకపోతే వాళ్ళకి కోత.

అలాంటి ఒక బడ్జెట్ హియరింగ్‌కి మా లాయర్ వాళ్ళ ఆఫీసు వాళ్ళు, మీరు వచ్చి మాట్లాడతారా అని అడిగితే వెళ్ళాను. సిటీ హాల్ లోపల పైన పెయింటింగులున్న పెద్ద హాలు, మామూలు మనుషులకి మైకు ముందు రెండు నిమిషాలు, ఎదురుగా గడియారం వెనక్కి నడుస్తుంటుంది. చప్పట్లు కొట్టకూడదు అక్కడ, నచ్చితే రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఊపుతారు. నా ముందు మాట్లాడింది ఒక ముసలాయన, ఆయన తర్వాత లైబ్రరీ ఆదివారం తెరవమని ఒక స్కూలు పిల్ల, తర్వాత నేను. రెంట్ హిస్టరీలో ఆ రెండు అంకెలూ చదివాను, లాయర్ లేకపోతే నేను కారిడార్‌లో సంతకం పెట్టేదాన్నని చెప్పాను, ఇంకా చాలా చెప్పాలనుకున్నా గానీ టైమ్ అయిపోయింది. వెనక్కి తిరిగితే ఆపా, మా బిల్డింగ్ వాళ్ళు, నాకు తెలీనివాళ్ళు కూడా చేతులు ఊపుతున్నారు. ఆ స్పీచ్ నేను తెలుగులో రాసుకుంటే రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఇంగ్లీషులో పెట్టింది గుడి క్యాంటీన్ దగ్గర పరిచయమైన అక్కయ్య గారి అమ్మాయి, కాలేజీ పరీక్షలు పెట్టుకుని మరీ. బంగారు తల్లీ, నీకు చాలా చాలా థాంక్స్. నిలబడి మాట్లాడలేమనుకునేవాళ్ళు జూమ్‌లో మాట్లాడచ్చు, హియరింగ్ అయ్యాక 72 గంటల్లోపు రాసి కూడా పంపచ్చు.

మనవాళ్ళకి ఒక మాట. అమెరికాలో తెలుగువాళ్ళంటే అందరూ సాఫ్ట్‌వేరే, అందరికీ సొంతిళ్ళే అనుకుంటారు, మనమూ అలాగే కనపడాలని చూస్తాం. గ్రోసరీ షాపుల్లో, గ్యాస్ స్టేషన్లలో, హోటల్ కిచెన్లలో పనిచేసే తెలుగువాళ్ళు ఎంతమంది లేరు క్వీన్స్‌లో. కోర్టు కాగితం వస్తే పరువు పోతుందని ఎవరికీ చెప్పకుండా అప్పులు చేసి కట్టేసినవాళ్ళు, రాత్రికి రాత్రి సామాను సర్దుకుని వెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు. దయచేసి అలా చెయ్యకండి. ఆదాయం పావర్టీ లెవెల్‌కి (ప్రభుత్వం పెట్టిన పేదరికపు గీతకి) రెండింతల లోపు ఉంటే, అంటే 2025 లెక్కల్లో నలుగురున్న ఇంటికి ఏడాదికి 64,300 డాలర్ల లోపు, కోర్టులో పూర్తిగా వాదించే లాయర్‌ని ఇవ్వాలి, అంతకంటే ఎక్కువున్నా సలహా అయినా దొరుకుతుంది. వీసా ఏదైనా, కాగితాలు లేకపోయినా ఈ హక్కు ఉంది. 311కి చేసి టెనెంట్ హెల్ప్‌లైన్ అని అడగండి.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి కూడా, మన దగ్గర 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ఉంది. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఫ్రీగా లాయర్‌ని పెట్టాలి, 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. తెనాలిలో మా పిన్నికి ఇది తెలీదు, నేను చెప్తేనే తెలిసింది, మీ ఇళ్ళల్లో కూడా చెప్పండి.

ఇంకా, అప్పు అడగకుండానే చేతిలో పెట్టి ఎప్పుడైనా ఇవ్వండి వదినా అన్న మరిదికి, నేను కోర్టుకెళ్ళిన రోజుల్లో పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చి అన్నం పెట్టిన పక్కింటి పంజాబీ ఆంటీకి, లీవు అడిగిన ప్రతిసారీ సరేనన్న మా డే కేర్ మేడమ్‌కి కూడా చాలా థాంక్స్. ఎవరికైనా క్వీన్స్ కోర్టులో డేట్ ఉండి ఒంటరిగా వెళ్ళాలంటే భయంగా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నాకు మంగళవారం, గురువారం ఖాళీ, నేను వస్తా, ఆపా కూడా వస్తానన్నారు.