గండికోటలో రాళ్ల సారు

ఒరేయ్ శీనూ,

ఎట్లున్నావురా? అక్కడ మంచు మోకాళ్ల దాకా పడిందని ఫోన్లో చెల్లెమ్మ చెప్పింది. ఇక్కడ ప్రొద్దుటూరులో చలికాలం పేరుకే, పదయితే చాలు చెమటలు. సరే, అసలు సంగతికొస్తా. మొన్న ఆదివారం గండికోటకు పోయినా. మళ్లీ గండికోటేనా అని నవ్వుకో, ఫరవాలేదు. ఈసారి కోట కోసం పోలేదు, రాళ్ల కోసం పోయినా.

రిటైరైన జియాలజీ లెక్చరర్ ఒకాయన, అడిగినోళ్లను లోయ అంచున నడిపిస్తూ రాళ్ల కథ చెప్తాడంటే మా తోడల్లునితో కలిసి పేరిచ్చినా. మసకలోనే జమ్మలమడుగులో ఇడ్లీ తిని బయల్దేరినాం. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యం కొట్టు... అన్నీ దాటించి నేరుగా అంచుకు తీసకపోయినాడు సారు. "చరిత్ర చెప్పేటోళ్లు వేరే ఉన్నారు, నాకు రాళ్లు చాలు" అన్నాడు. మనిషి ముక్కుసూటి, నాకు నచ్చినాడు.

అంచుకు పోతే అందరం ఏం చేస్తాం? కింద పెన్నను చూస్తాం, ఫోన్ బయటికి తీస్తాం. సారు మాత్రం "కిందికి కాదు, కాళ్ల కాడ చూడండి" అన్నాడు. వంగి చూస్తే బండ మీద అలలు రా! నిజం. ఏటి ఒడ్డున పల్చటి నీళ్ల కింద ఇసుక మీద గీతలు పడతాయి చూడు, అచ్చం అవే, రాయిగా మారిపోయి ఉన్నాయి. పొద్దు అప్పుడే ఎక్కుతోంది, ఎండ ఏటవాలుగా పడి ఒక్కో గీత పక్కన సన్నటి నీడ. నాలుగు వేళ్లు ఆనిస్తే రెండు గీతల మధ్య సరిపోయినాయి. గీతకు రెండు పక్కలా వాలు ఒకేలా ఉంటే నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగినట్టట. ఒక పక్క నిటారుగా, ఇంకో పక్క సాపుగా ఉంటే నీళ్లు ఒకే దిక్కుకు పారినట్టట. ఆ ఒక్క బండ కాన్నే అరగంట కూర్చున్నాం. కొంతమంది విసుక్కున్నారు గానీ నాకైతే లేవబుద్ధి కాలేదు.

మాతో వచ్చిన ఒక కుర్రోడు "ఎర్ర గ్రానైట్ కదా సార్, ఇంటర్నెట్లో అట్లే ఉంది" అన్నాడు. సారుకు చిర్రెత్తింది. జేబులోంచి భూతద్దం తీసి వాని చేతికిచ్చి, విరిగి పడున్న ఒక పెచ్చు చూపించినాడు. నేనూ చూసినా. అంతా ఇసుక రేణువులే, గాజు పలుకుల్లా మెరుస్తున్నాయి. మామూలు ఇసుకరాయి విరిగితే రేణువుల చుట్టూ విరుగుతుందట. ఇదేమో రేణువుల మధ్య సిలికా నిండి గట్టిపడి, విరుపు రేణువుల్లోంచే పోతుంది. దీన్ని క్వార్ట్‌జైట్ అంటారు. పుస్తకాల్లో దీని పేరే గండికోట క్వార్ట్‌జైట్. ఎరుపంతా ఇనుము తుప్పు. గ్రానైట్ కావాలంటే కర్ణాటకలో పెన్న పుట్టిన నందికొండల కాడికి పొమ్మన్నాడు. కానీ తర్వాత ఆయనే నవ్వుతూ, పాత గ్రానైట్ కొండలు అరిగితేనే ఈ ఇసుక వచ్చింది కాబట్టి ఇది గ్రానైట్‌కు మనవడనుకోండి అన్నాడు.

వయసు విని నాకు కళ్లు తిరిగినాయి. పులివెందుల కాడ రాతి పొరల మధ్యకు కరిగిన రాయి దూరి గడ్డకట్టిన చోట లెక్కతేల్చితే 188 కోట్ల ఏళ్లు వచ్చిందట. అది దూరింది తాడిపత్రి పేరుతో పిలిచే రాతి పొరల్లోకి, వాటి మీద పేరింది మన గండికోట ఇసుక. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ కూడా లేదు. ఇసుకను పట్టి ఉంచే చెట్ల వేళ్లే లేవు కాబట్టి నీళ్లు ఎటు తోస్తే అటు పోయింది. ఈ కడప ప్రాంతపు రాళ్ల మీద విలియం కింగ్ అనే దొర 1872లోనే పెద్ద నివేదిక అచ్చేసినాడు. మనం పక్కూర్లో పుట్టి పెరిగి ఆ పేరే వినలేదు.

లోయ ఎట్లా పడిందో కూడా అక్కడే చూపించినాడు. గోడలు నున్నగా లేవు, పెట్టెలు పేర్చినట్టు ఉన్నాయి కదా. అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్లు. పెన్నకు వరదొచ్చినప్పుడు ఇసుకా గుండ్రాళ్లూ కలిసి అడుగును అరగదీస్తాయి. అడుగు డొల్లయితే పైన బండ ఆ పగులు వెంబడే తెగి పడుతుంది. అందుకే కింద ఒడ్డున అన్ని పెద్ద దిమ్మలు. ఒక దిమ్మ మీద ఏటవాలు గీతలు చూసి, అట్లాంటి గీతలు పైకొన కాడే కోతపడతాయట, ఇక్కడ కూడా పైనే కోసేసినట్టు ఆగినాయి కాబట్టి ఇది తిరగబడలేదు, అట్లే జారిందని చెప్పేసినాడు. పోలీసోళ్లు చాలరు ఈయన ముందర.

ఒకటి మాత్రం బాధేసింది. ఆ అలల బండ మీదే ఎవరో రంగుతో పేర్లు రాసిపోయినారు. లవ్ సింబల్‌తో సహా.

అన్నట్టు, మీ పాత ఇంట్లో పరిచిన కడప బండలు వేరే జాతట, అవి సున్నపురాయి, పులుపు తగిలితే కరుగుతుంది. నిమ్మకాయ పిండిన చోట పాలిష్ పోయిందని మీ అమ్మ మనల్ని తిట్టేది చూడు, దానికి కారణం అదే. బెలుం గుహలు తొలిచింది కూడా ఆ సున్నపురాయిలోనే.

సంక్రాంతికి వస్తున్నావు కదా, సారుతో మాట్లాడి పెడతా. పిల్లలకు చెప్పులు కాదు, బూట్లు తెప్పించు. తినేవి ఏవున్నా బ్యాగులోనే ఉండాలి, కోతులు చేతిలోంచే లాక్కుంటాయి. టికెట్ తేదీ ఖాయమైతే వెంటనే చెప్పు, ఆయనకు ఆదివారాలే ఖాళీ.

నీ
రమణ