నష్టం వచ్చే బస్సు ఎవరిది?

సంపాదకులకు,

ప్రభుత్వాన్ని కంపెనీలా నడపాలని, నష్టం తెచ్చే సేవలను వదిలించుకోవాలని ఈ మధ్య బాగా చదువుకున్నవారు సైతం వాదిస్తున్నారు. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో ఆర్టీసీ బస్సులో కూర్చుని చూడాలి.

పొద్దున ఆరింటికి మా ఊరి నుంచి బయల్దేరే పల్లెవెలుగులో పాతికమందికి మించి ఎక్కరు. సగం మంది ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లలు కావడంతో కండక్టరు మిషన్లోంచి ఉచిత ప్రయాణపు జీరో టికెట్లే ఎక్కువగా వస్తాయి. డయాలసిస్‌కు వెళ్లే ఒక పెద్దాయన కడ్డీ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి కూర్చునేదాకా డ్రైవరు బండి కదిలించడు. కిలోమీటరుకు వచ్చే రాబడే కొలమానమైతే ముందు రద్దయ్యేది ఈ ట్రిప్పే. ప్రైవేటు యజమాని దాన్ని ఆపితే తప్పుపట్టలేం, గిట్టని ఊరికి బండి తిప్పాలన్న బాధ్యత అతనికి లేదు. ప్రభుత్వానికి మాత్రం గిట్టే పౌరులు, గిట్టని పౌరులు అన్న తేడా ఉండరాదు.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో 22వ సెక్షన్ ఆర్టీసీ లాంటి సంస్థ వ్యాపార సూత్రాల ప్రకారం నడవాలని చెబుతుంది. అదే చట్టంలోని 18వ సెక్షన్ ప్రజలకు చాలినన్ని, సమర్థమైన, చౌకైన రవాణా సౌకర్యాలు కల్పించే బాధ్యతను గుర్తుచేస్తుంది. 2019 నవంబరులో 5,100 రూట్లను ప్రైవేటుకు అప్పగించాలని తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు మొదటి మాటే బలంగా వినిపించింది, రెండోదాని గురించి చర్చ జరగవలసినంత జరగలేదు.

అసలు నష్టం ఎవరి పద్దులో రాయాలన్నదే నా ప్రశ్న. విద్యార్థుల పాసులకు రాయితీ ప్రకటించేది ప్రభుత్వం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కల్పించినదీ ప్రభుత్వమే. ఆ సొమ్మును సకాలంలో సంస్థకు జమచేయకుండా, డీజిల్ మీద పన్ను, వాహన పన్ను మాత్రం వసూలు చేసుకుంటూ, చివరకు ఆర్టీసీ నష్టాల్లో ఉందనడం న్యాయం కాదు. బడిలో పంతులు జీతాన్ని మనం నష్టం అనము కదా, ఇదీ అలాంటి ఖర్చే.

దుబారా అరికట్టడం, విడిభాగాల కొనుగోళ్లను తనిఖీ చేయడం, బస్సులు వేళకు నడపడం తప్పనిసరి. వాటిని కంపెనీల నుంచి నేర్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. అయితే ఏ పల్లె ట్రిప్పునైనా రద్దు చేసే ముందు ఆ ఊరి గ్రామసభలో చర్చించాలి, రాయితీల బకాయి ఎంతుందో ప్రతి నెలా ప్రజలకు తెలియజేయాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా