పూతరేకులు ఆలస్యం, కారణం కుండ

పోయిన వారం ఆర్డర్ పెట్టి ఇంకా ఎదురుచూస్తున్న వారికి ముందుగా క్షమాపణలు. ఆత్రేయపురంలోని మా ఇంట్లో రేకులు తీసే కుండ పగిలిపోయింది. 11 ఏళ్లు పొయ్యి మీద బోర్లా పడి ఉన్నా చెక్కు చెదరని కుండ, శుభ్రం చేద్దామని మా ఆయన ముచ్చటపడి దించిన రోజే రెండు ముక్కలైంది. అరగంట సేపు ఆయన ఇంట్లోకి రాలేదు. అత్తయ్య మాత్రం ముక్కల వంక చూసి, "పోనీలే, దానికైనా సెలవు దొరికింది" అన్నారు.

కొత్త కుండ తెచ్చాం కానీ, అది మొదట్లో మాట వినదు. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బిన పలచటి పిండిలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్క ఊపులో లాగితే రేకు ఉల్లిపొరలా లేచి రావాలి. ఇది అంటుకుని కూర్చుంటోంది. మొదటి రోజు వచ్చినవి రేకులు కావు, చిల్లుల దుప్పట్లు. పక్కింటి పిల్లలు వాటికి నెయ్యి, పంచదార అద్దుకుని ఒక్కటి మిగల్చకుండా తిన్నారు. పైగా వానలు. పొయ్యిలోకి బాగా ఎండిన కొబ్బరాకు కావాలి. తడి ఆకు పెడితే మంటకు బదులు పొగే. మా కన్నీళ్లు చూసిన పోస్ట్‌మాన్, "ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని అడిగి మరీ వెళ్లాడు.

ఇక పార్సిళ్ల సంగతి. హైదరాబాద్‌కు పంపిన ఒక పెట్టె పొడిపొడిగా చేరింది. ఆ పెద్దావిడ ఫోను చేస్తే తిట్లకు సిద్ధపడే ఎత్తాను. "అమ్మాయీ, పాలలో కలుపుకుని తాగాం, బాగుంది. ఈసారీ ఇలాగే పంపు" అన్నారు. డబ్బు వెనక్కి ఇస్తానంటే తీసుకోలేదు. ఇంకొకాయన రేకులన్నీ ఒలిచి పారేసి, లోపలి బెల్లం, జీడిపప్పు మాత్రం తిని, "ఒక్కో మిఠాయికి ఇంత కాగితం చుట్టాలా?" అని అడిగారు. ఏమని చెప్పను? 2023లో మా ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ కాగితం పుణ్యానే.

ఇకపై అట్టపెట్టెలు మాని గట్టి డబ్బాల్లో పంపుతాం. నెయ్యి ధర పెరిగింది కనుక 10 పూతరేకుల డబ్బాకు 20 రూపాయలు పెంచక తప్పడం లేదు. నెయ్యి కాస్త తగ్గించి పాత ధరకే ఇవ్వవచ్చు కదా అన్నారు మా ఆయన. కుండ పగలగొట్టిన మనిషి సలహాలు ప్రస్తుతానికి వినడం లేదు.

పాత ఆర్డర్లు శనివారం నుంచి వరుసగా బయలుదేరతాయి. అంతవరకు ఆగలేనివారు చెబితే డబ్బు తిరిగి పంపేస్తాం. చిల్లుల రేకులు తక్కువ ధరకు ఇస్తారా అని ఇద్దరు అడిగారు. కుదరదు, పక్కింటి పిల్లలు ముందే చెప్పి పెట్టుకున్నారు.