కోలుకున్నారని ప్రకటించే ముందు కొలత చూపించాలి

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరు జిల్లా కావలి నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరని దీర్ఘకాలపు నిస్సత్తువ జబ్బు. విషజ్వరం తగ్గినా దాని వెంట వచ్చిన నిస్సత్తువ ఆమెను వదల్లేదు. రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచుకుంటూ పోతే నయమవుతుందని విదేశీ పరిశోధనలో తేలిందని ఒక పెద్దాసుపత్రిలో చెప్పారు. నమ్మాం. వీధి చివరిదాకా నడిచిన మర్నాడు దువ్వెన పట్టుకున్న చేతిని ఆమె తలదాకా ఎత్తలేకపోయింది. కాస్త శ్రమపడినా తర్వాత ఒళ్లు కుప్పకూలిపోవడమే ఈ జబ్బు అసలు లక్షణం. అది తెలియని చుట్టాలు బద్ధకమన్నారు. ఆ మాట జబ్బుకన్నా ఎక్కువగా ఆమెను కుంగదీసింది.

ఆ పరిశోధన పేరు పేస్ ట్రయల్. బ్రిటన్‌లో ప్రభుత్వ సొమ్ముతో 641 మంది రోగులపై జరిగింది. ఫలితాలు 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. వ్యాయామ చికిత్స, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స) పొందినవారిలో 22 శాతం చొప్పున కోలుకున్నారని 2013లో ప్రకటించారు.

ఆ లెక్క ఎలా వచ్చిందో చూడండి. మెట్లు ఎక్కగలరా, సరుకుల సంచి మోయగలరా, సొంతంగా స్నానం చేయగలరా అని అడిగి శారీరక సామర్థ్యానికి నూటికి మార్కులు వేస్తారు. 65, అంతకన్నా తక్కువ వచ్చినవారినే రోగులుగా చేర్చుకున్నారు. కోలుకున్నారనడానికి 85 రావాలని మొదట రాసుకున్నారు. తర్వాత దాన్ని 60కి దించారు. 65తో చేరి 60కి దిగజారిన మనిషి కూడా ఈ కొలత ప్రకారం గట్టెక్కినట్టే! పరిశోధకులు ఈ మార్పును సమర్థించుకున్నారు. ఒక తల్లిగా నేను దాన్ని ఒప్పుకోలేను.

బ్రిటన్ సమాచార హక్కు చట్టం కింద ఒక రోగి 2014లో వివరాలు అడిగితే ఆ పరిశోధన నడిపిన లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం నిరాకరించింది. ఇవ్వాల్సిందేనని 2016 ఆగస్టులో ట్రిబ్యునల్ ఆదేశించింది. మొదటి కొలతతో మళ్లీ లెక్కిస్తే కోలుకున్నవారు థెరపీలో 7 శాతం, వ్యాయామంలో 4 శాతం. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 3 శాతం. లెక్కలో నిలబడేంత తేడాయే లేదు. 2021లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఆ తరహా వ్యాయామ చికిత్స వద్దని కొత్త మార్గదర్శకాల్లో చెప్పింది. ఈలోగా ఆ పాత సలహా కావలిదాకా వచ్చింది.

మన దగ్గర ఇలాంటి వైద్య పరిశోధనలను నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది. 2007 నుంచి నడుస్తోంది, 2009లో నమోదు తప్పనిసరి అయింది. సంతోషమే. కానీ నమోదు ఒక్కటే చాలదు. ఏ స్థాయికి చేరితే రోగి కోలుకున్నట్టో మొదటి రోగిని చేర్చుకోకముందే అంకెల్లో రాయించండి. మధ్యలో మార్చితే పాత కొలత, కొత్త కొలత, మార్చిన తేదీ, కారణం పక్కపక్కనే కనిపించాలి. రెండు కొలతలతోనూ ఫలితం ప్రకటించాలి. ప్రజల డబ్బుతో జరిగే ప్రతి ట్రయల్ సమాచారాన్నీ రోగుల పేర్లు, ఆనవాళ్లు తీసేసి బయటపెట్టాలి. దానికోసం మంచంమీది రోగి కోర్టుల చుట్టూ తిరగాల్సిన గతి మన దేశంలో ఎవరికీ పట్టకూడదు.

ఈ నిబంధనలు రాసేటప్పుడు రోగులనూ పిలవండి. ఢిల్లీ దాకా రాలేరు, గంటసేపు కూర్చోనూ లేరు. పడుకున్నచోటి నుంచే ఫోనులో మాట్లాడే వీలు కల్పించండి.

ఇట్లు,
ఒక తల్లి,
కావలి