మంత్రిగారూ, హాలుకి మా నాన్న పేరు పెట్టేముందు ఇది చదవండి

ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మా నాన్నగారి సంతాప సభకి మీరు వచ్చారు. పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోతారనుకుంటే గంట పైనే ఉన్నారు, అమ్మ పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడారు, వెళ్ళేముందు మైకు తీసుకుని కమ్యూనిటీ హాలుకి ఆయన పేరు పెట్టిస్తానని మాటిచ్చారు. ఆ మాట వినగానే అమ్మ ఏడ్చేసింది. ఈ ఉత్తరం రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది కూడా అందుకే. పేరు వద్దని అనడం లేదండీ. దానికంటే ముందు మిమ్మల్ని అడగాల్సింది ఒకటుంది, అది ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే నాన్న ఎలా బతికారో, ఎలా పోయారో రెండూ చెప్పాలి.

నాన్న పదవులేమీ చేయలేదు. ఒకే ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం, అక్కడే రిటైరయ్యారు. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు అమ్మకి పొద్దున్న డ్యూటీ పడింది, నాకు జడలు వేసే పని నాన్న మీద పడింది. మొదటి వారమంతా బడి గేటు దాటేలోపే జడ ఊడిపోయేది, నేను ఏడుస్తూ ఇంటికొచ్చేదాన్ని. ఒకరోజు రాత్రి మంచినీళ్ళకని లేచి చూస్తే కిటికీ ఊచకి మూడు తాళ్ళు కట్టుకుని నాన్న ఒక్కరే కూర్చుని అల్లుతున్నారు. విప్పడం, మళ్ళీ అల్లడం. నన్ను చూసి "పడుకో తల్లీ, రేపటికి వచ్చేస్తుంది" అన్నారు. రేపటికి రాలేదు, ఇంకో పది రోజులకి వచ్చింది. ఆ తర్వాత నేను కాలేజీలో చేరేదాకా నా జడ ఆయనే వేశారు, అమ్మ ఇంట్లో ఉన్న రోజు కూడా.

ఇంటి బయట ఆయన ఎలాంటి మనిషో చెప్పాలంటే తాళాల సంగతి చెప్పాలి. చుట్టుపక్కల ఎవరు ఊరెళ్ళినా ఇంటి తాళం మా నాన్నకి ఇచ్చి వెళ్ళేవాళ్ళు. మొక్కలకి నీళ్ళు, ముసలివాళ్ళుంటే వాళ్ళ మందులు, కుళాయి కారితే మనిషిని పిలవడం, అన్నీ ఆయనే చూసుకునేవారు. తలుపు వెనక వరసగా మేకులు, ఒక్కో తాళానికి ఒక్కో రంగు దారం, అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో పేరు. అర్ధరాత్రి ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే ముందు మా తలుపే కొట్టేవాళ్ళు. ఒక్కోసారి నాకు కోపం వచ్చేది కూడా, నా పరీక్షల ముందు రాత్రి ఎవరికో తోడుగా వెళ్ళి తెల్లారి వచ్చిన రోజున నేను మాట్లాడలేదు. ఆయన ఏమీ అనలేదు, నా జడ వేసి ఆఫీసుకి వెళ్ళారు.

ఆయన పోయాక ఆ తాళాలు తీసుకెళ్ళమని అందరికీ చెప్పాం. పదకొండు ఉన్నాయి. నలుగురే తీసుకెళ్ళారు.

ఇక ఆ సాయంత్రం సంగతి. కాలనీ మీటింగ్ అయిపోయింది, నాన్న ఎప్పటిలాగే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. అలా పేరుస్తూనే పడిపోయారు. అప్పటికి ఇంకా ముప్పై మంది దాకా ఉన్నాం. ఎవరూ పారిపోలేదండీ, ఎవరూ ఫోన్లో వీడియో తీయలేదు, అందరూ ఆయన కోసం ప్రాణం పెట్టేవాళ్ళే. ఒకరు మొహం మీద నీళ్ళు చల్లారు, ఒకరు అట్టతో విసిరారు, ఇద్దరు అరచేతులు రుద్దారు, నేను పాదాలు రుద్దుతూ కూర్చున్నాను. మధ్యలో రెండు మూడుసార్లు నోరు తెరిచి ఎగశ్వాసలా గట్టిగా గాలి లాగారు. "ఊపిరి ఉంది, ఊపిరి ఉంది" అని నేనే అరిచాను, అందరూ హమ్మయ్య అనుకున్నారు. అది ఊపిరి కాదని, గుండె ఆగిపోయిన చాలామందిలో మొదటి నిమిషాల్లో అలాగే ఉంటుందని, గుండె మీద నొక్కడం మొదలుపెట్టాల్సిన క్షణం సరిగ్గా అదేనని నాకు తర్వాత తెలిసింది.

అంబులెన్స్‌కి ఫోన్ చేసినప్పటి నుంచి అది వచ్చేదాకా 14 నిమిషాలు, నా ఫోన్లో ఆ టైము ఇంకా ఉంది. ఫోనెత్తినవాళ్ళు అడ్రస్ రెండుసార్లు అడిగారు, వస్తున్నాం అన్నారు, పెట్టేశారు. ఆసుపత్రిలో డాక్టర్ నన్ను అడిగిన మొదటి మాట: "పడిపోగానే ఎవరైనా ఛాతీ మీద నొక్కారా అమ్మా?"

నేను చదువుకున్నదాన్ని. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

నొక్కి ఉంటే నాన్న కచ్చితంగా బతికేవారని నేను అనడం లేదు, అలా ఎవరూ చెప్పలేరు, డాక్టర్ కూడా చెప్పలేదు. కానీ రక్తం అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుందట, ఏమీ చేయకుండా చూస్తూ ఉంటే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గిపోతుందట. మేం 14 నిమిషాలు పాదాలు రుద్దాం.

నెల తర్వాత నేను వెళ్ళి సీపీఆర్, అంటే గుండె ఆగిపోయిన మనిషికి ఛాతీ మీద నొక్కే పద్ధతి, నేర్చుకున్నాను. బొమ్మని నేల మీద పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో అరచేతి మొదలు ఆనించి, రెండో చేయి దాని మీద పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కాలి, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఒకటిన్నర నిమిషానికే నా భుజాలు లాగేశాయి. నేర్పే ఆవిడ అది చూసి, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, లేకపోతే లోతు తగ్గిపోతుంది అన్నారు. నేను అక్కడే ఆగిపోయాను. 14 నిమిషాలు, మనిషికి రెండు నిమిషాలు. ఏడుగురు సరిపోయేవాళ్ళు. మేం ముప్పై మంది ఉన్నాం, ఆయన తలుపు వెనక తాళం ఉన్న ఇళ్ళవాళ్ళే పది మందికి పైగా ఉన్నారు.

ఇదేమీ కొత్త విద్య కాదు మంత్రిగారూ. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్య సంస్థ పరిశోధకులు ఈ పద్ధతి గురించి 1960లో రాస్తూ, ఇకమీదట ఎవరైనా ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు, కావాల్సింది రెండు చేతులే అన్నారు. నార్వేలో 1961 నుంచే బడిలో నేర్పడం మొదలుపెట్టారు. డెన్మార్క్‌లో 2005లో బడుల్లో తప్పనిసరి చేశారు, ఆ మరుసటి ఏడాది నుంచి డ్రైవింగ్ లైసెన్స్ కావాలన్నా నేర్చుకోవాల్సిందే. ఆసుపత్రి బయట గుండె ఆగిపోయినవాళ్ళలో పక్కనున్నవాళ్ళు సీపీఆర్ చేసింది అక్కడ 2001లో ఐదుగురిలో ఒకరికి, 2010కి దాదాపు సగం మందికి. నెల రోజుల తర్వాత ప్రాణాలతో ఉన్నవాళ్ళు అదే కాలంలో 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. అంబులెన్స్, ఆసుపత్రి సేవలు కూడా ఈలోగా మెరుగై ఉంటాయి, అంతా సీపీఆర్ వల్లే అనలేం. అయినా ఆ తేడాలో ఎంతమంది నాన్నలు ఉన్నారో చూడండి.

అందుకని అడుగుతున్నాను. పన్నెండేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఏడాదికి రెండు గంటలు బడిలో ఇది నేర్పించండి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన పిలుపు కూడా ఇదే, రెండు గంటలే. విద్యా శాఖ మంత్రిగారితో మీరే మాట్లాడాలి, మా మాట అక్కడిదాకా వెళ్ళదు. రెండోది, అంబులెన్స్ ఫోనెత్తేవాళ్ళకి శిక్షణ ఇప్పించండి. "మనిషి పలుకుతున్నారా? ఊపిరి మామూలుగా ఉందా? లేకపోతే ఫోన్ స్పీకర్లో పెట్టి నేను చెప్పినట్టు నొక్కండి" అని ఆ రోజు ఎవరో ఒకరు మాకు చెప్పి ఉంటే చాలు, మేం చేసేవాళ్ళం. జనం ఎక్కువ చేరే చోట్ల ఏఈడీలు, అదే గుండెకి షాకిచ్చే పెట్టెలు, అవి కూడా కావాలి, కానీ వాటికి డబ్బు, టైమూ పడతాయని తెలుసు. నేర్పడం రేపే మొదలుపెట్టొచ్చు.

హాలు పేరు గురించి అమ్మని అడిగాను. ముందు ఆ హాల్లో క్లాసు పెట్టించమను, బోర్డు తర్వాత సంగతి అంది. మేకులకి ఇంకా ఏడు తాళాలు వేలాడుతున్నాయి, రోజూ సాయంత్రం అమ్మ వాటి వంక చూస్తుంది. ఆ ఏడు ఇళ్ళవాళ్ళనీ అడిగాను, అందరూ నేర్చుకోవడానికి వస్తామన్నారు. మీరు నేర్పే మనిషిని ఒకరిని, రెండు బొమ్మల్ని పంపించండి చాలు. ఆ రోజుకి కుర్చీలు మేం సర్దుకుంటాం.

ఇట్లు,
ఆయన కూతురు