సర్వర్ రూములో స్వెట్టర్

ఒరేయ్ శీనూ,

రెండు వారాలైంది నువ్వు మెసేజ్ పెట్టి. తిట్టుకునే ఉంటావు. "మీ క్లస్టర్ (సర్వర్ల గుంపు) కరెంటు బిల్లు తగ్గించావంట, ఏం మాయ చేశావురా" అన్నావు కదా, మాయా లేదు, మంత్రమూ లేదు. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే మీ నాన్నగారు మనల్ని వీధి దాకా తరిమేవారు చూడు, అదే పని.

2007లో గూగుల్ వాళ్లు బారోసో, హోల్జ్‌లె ఒక వ్యాసం రాశారు. ఐదు వేలకు పైగా సర్వర్లను ఆరు నెలలు చూస్తే, అవి ఎక్కువసేపు 10 నుంచి 50 శాతం లోడు మధ్యే తిరిగాయట. పైగా అప్పటి సర్వర్ ఏ పనీ లేకుండా కూర్చున్నా, ఫుల్ లోడులో తినే కరెంటులో సగం దాకా తినేది. పండక్కొచ్చి నెల దాటినా కదలని అల్లుడే అనుకో. ఇప్పటి మెషిన్లు కొంత నయమే గానీ అల్లుడి బుద్ధి పూర్తిగా పోలేదు.

మా దగ్గర స్లర్మ్ నడుస్తోంది, అంటే ఎవరి పని (జాబ్) ఏ మెషిన్ (నోడ్) మీద నడవాలో పంచిపెట్టే సాఫ్ట్‌వేర్. దాంట్లో సస్పెండ్‌టైమ్ అని ఒక సెట్టింగు ఉంది: ఇంతసేపు జాబ్ రాకపోతే నోడ్‌ని ఆపెయ్, జాబ్ వస్తే మళ్లీ లేపు. శుక్రవారం సాయంత్రం పెట్టేసి, గొప్పగా ఇంటికెళ్లి పడుకున్నా. సోమవారం పొద్దున చూస్తే సగం నోడ్లు డౌన్! ఒక ప్రొఫెసర్ గారు ఫోన్లో నా ఏడు తరాలనూ తలుచుకున్నారు. తీరా చూస్తే, లేవడానికి ఇచ్చే గడువు మామూలుగా 60 సెకన్లే. మా మెషిన్లు మెమరీ చెక్ చేసుకుని లేచేసరికి ఐదారు నిమిషాలు. ఆ లోపే స్లర్మ్ "ఇది పోయింది" అని రాసేసుకుంది. ఆ గడువు సెట్టింగు, రెజ్యూమ్‌టైమౌట్, పది నిమిషాలు చేశాక గొడవ సద్దుమణిగింది. నువ్వెప్పుడైనా పెడితే ముందు అది చూసుకో, నా మాట విను.

ఏసీ సంగతి ఇంకో కామెడీ. గది 18 డిగ్రీలు! హైదరాబాద్ మే నెలలో మేం స్వెట్టర్లేసుకుని లోపలికి వెళ్లేవాళ్లం. మెషిన్లోకి వెళ్లే గాలి 27 దాకా ఉన్నా ఫరవాలేదని ఏసీ, చల్లదనం ప్రమాణాలు రాసే ఆష్రే సంఘం వాళ్లే చెబుతారు. మేం 24కి తెచ్చాం. దానికి ముందు ర్యాకుల్లో ఖాళీ అరలన్నిటికీ అట్టముక్కలు అడ్డం పెట్టాం, వెనక వేడి గాలి ముందుకు రాకుండా. తర్వాత అసలైన ప్లాస్టిక్ ప్యానెళ్లు తెప్పించాంలే, నవ్వకు. ఫిన్లండ్‌లోని హమీనాలో గూగుల్ వాళ్లు పాత కాగితం మిల్లులో సెంటర్ పెట్టి సముద్రపు నీళ్లతో చల్లబరుస్తారు. మనకేమో సముద్రం లేదు, అట్టపెట్టెలున్నాయి.

నీ సంగతికొస్తే, మీది క్లౌడ్, ఇంకొకరి మెషిన్లు అద్దెకు వాడుకోవడం, కాబట్టి ఏసీ బాధ నీది కాదు. కానీ మీ టెస్టింగ్ మెషిన్లు రాత్రిళ్లూ ఆదివారాలూ ఎందుకు నడుస్తున్నాయిరా? వారానికి 168 గంటలు, మీవాళ్లు పనిచేసేది మహా అయితే అరవై. ప్రోగ్రాములను మెషిన్లకి సర్దే కుబర్నెటీస్‌లో ప్రతివాడూ భయానికి నాలుగు ప్రాసెసర్ కోర్లు అడిగి, అర కోరు వాడతాడు. ఆ మిగతాది వాడి పేరు మీదే రిజర్వై ఉంటుంది, కొత్తగా అడిగేవాడికి కేటాయించరు. అసలు కష్టం సెట్టింగుల్లో లేదురా, "నీకు ఇంత అక్కర్లేదు" అని మొహం మీద చెప్పడంలో ఉంది. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వాళ్ల వాడకం గ్రాఫు పట్టుకెళ్లి, టీ తాగించి మరీ ఒప్పించాను.

శనివారం ఫోన్ చెయ్. నెల రోజులుగా ఎవరూ లాగిన్ కాని మెషిన్ల లిస్టు తీసి పెట్టుకో, కలిసి చూద్దాం. స్వెట్టర్ ఇంకా సర్వర్ రూము మేకుకే వేలాడుతోంది, చలికాలంలో వస్తే నీకే ఇస్తా.

నీ,
రవి