చరిత్ర చెప్పని కచేరీలు

చారిత్రక ఘటనలపై రాసిన ఆధునిక ఆర్కెస్ట్రా సంగీతాన్ని, ఆ ఘటనల గురించి ఒక్క ముక్క చెప్పకుండా వినిపించే పద్ధతి మారాలి. ఇటీవల నేను వెళ్లిన కచేరీలో చేతికిచ్చిన బ్రోచర్ నిండా వాద్యబృందం ఘనతలు, స్పాన్సర్ల లోగోలే. హిరోషిమా మృతులకు పోలండ్ స్వరకర్త పెండెరెట్స్కీ అంకితమిచ్చిన రచన మొదలై, 52 తంత్రీవాద్యాలు ఒక్కసారిగా కీచుమంటే, వాయిద్యాలు ఇంకా శ్రుతి చేసుకుంటున్నారేమోనని ముందు వరుసలో ఇద్దరు గుసగుసలాడుకున్నారు. వాళ్ల తప్పేముంది? ఆ రచనకు మొదట పెట్టిన పేరు దాని నిడివే (8 నిమిషాల 37 సెకన్లు), హిరోషిమా పేరు ఆ తర్వాత వచ్చి చేరింది; అదీ చెప్పాల్సిందే. రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ ఏడో సింఫనీని 1942 ఆగస్టు 9న, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సేనల ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లోనే ఆకలితో చిక్కి శల్యమైన వాద్యకారులు వాయించారని తెలిసి వింటే ఆ గంటకు పైగా సంగీతం బరువే వేరు. సంగీతానికి వివరణ అక్కర్లేదనే పెద్దలు, ఆ శీర్షికలు మాత్రం పోస్టర్ మీద పెద్దక్షరాల్లో ఎందుకు వేస్తారో! ప్రతి రచనకు ముందు కండక్టర్ మూడు నిమిషాలు మాట్లాడాలి, పాడే భాగాల అర్థం తెరపై చూపాలి, టికెట్ కొన్నవారి ఫోన్‌కు ఒక పేజీ నోట్ ముందురోజే పంపాలి.